తాలుకాయల టిక్కీ

కల్లంలో ఎండుమిర్చి రాశి ముందు కూర్చున్న ఆడవాళ్ల చేతులు చూడండి. రంగు వెలిసి తెల్లబారిన తాలుకాయ తగలగానే వేళ్లు దాన్ని పక్కకు తోసేస్తాయి. అలాగని పారేయరు. గుంటూరు మిర్చి యార్డులో తాలుకు వేరే టిక్కీ (బస్తా), వేరే ధర.

వీడియో గేమ్ మీద వచ్చే మామూలు రివ్యూ ఇలాంటి ఏరివేతే. బొమ్మలెలా ఉన్నాయి, ఎన్ని గంటల ఆట, పదికి ఎన్ని మార్కులు. ఆడుతుంటే పక్కన ఎవరున్నారు, బయట ఎండ ఎలా కాసింది, ఇదంతా తాలు కింద లెక్క. ఆ తాలునే టిక్కీకెత్తే రాత ఒకటుంది. నాకు అదంటేనే ఇష్టం.

2004లో బ్రిటిష్ రచయిత కీరన్ గిల్లెన్ దీని తరఫున గట్టిగా వాదించాడు. ఆట విలువ ఆడేవాడిలో ఉంటుంది కాబట్టి, లేని ఊళ్లు చూసొచ్చిన యాత్రికుడిలా రాయాలన్నాడు. అలా రాయడంలో ఒళ్లు మరిచిపోయినవాడు అమెరికన్ టిమ్ రోజర్స్. ‘బోకు నో నత్సుయాసుమి’ అనే జపాన్ ఆట మీద ఆయన చేసిన వీడియో వ్యాసం దాదాపు ఆరు గంటలు. (రెండు సినిమాలు చూడొచ్చు కదా అని నేనూ నవ్వాను.)

2000లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ఆట అది. కథ 1975 ఆగస్టులో. తొమ్మిదేళ్ల కుర్రాడు పల్లెలో బంధువులింట నెల రోజులుంటాడు. పురుగుల్ని పడతాడు, గాలం వేస్తాడు, రాత్రి బొమ్మల డైరీ గీసుకుంటాడు. అందులో పొద్దు నడిచే తీరు చిత్రం. వాడు ఒక చోటు వదిలి మరో చోటికి వెళితేనే గడియారం కదులుతుంది. ఏటి ఒడ్డున నిలబడిపోతే ఎంతసేపటికీ పొద్దు వాలదు. ఇలాంటి ఆటకు మార్కులేం వేస్తాం? రాసేవాడూ ఆ ఒడ్డున ఆగాల్సిందే.

ఆగడంలోనే పనితనం ఉంది. వ్యాసాన్ని ఎక్కడో దూరంగా ఎత్తుకోవాలి. ఆటలోని ఒక శబ్దమో, ఒక మీటో, చిన్నదాన్ని ఒకదాన్ని మాత్రం చేయి జారనివ్వకూడదు. ఎంత తిరిగినా దాన్ని పట్టుకునే వెనక్కి రావాలి. అది జారిందంటే మిగిలేది సొంత డబ్బా. అంతకన్నా మార్కుల రివ్యూనే నయం. ఇలాంటి రాతేమీ మనకు కొత్త విద్య కాదు. 1711 నాటి ఇంగ్లీషు ‘స్పెక్టేటర్’ బాటలో పానుగంటి ‘సాక్షి’ వ్యాసాలు రాశారు. వాటిలో జంఘాలశాస్త్రి ఉపన్యాసం అందుకుంటే మాట మీద మాట పేర్చుకుంటూ పోతాడు. ఆ ధాటి ఎరిగిన చెవికి రోజర్స్ బెదురు పుట్టించడు.

అలా నేను రాయాలనుకునేది ‘కాంట్రా’ అనే వీడియో గేమ్ మీద. పర్చూరు దగ్గర మా పెద్దమ్మ వాళ్లింట్లో, మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ ఆడేవాళ్లం. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బీ, ఏ. మీటలు ఈ వరుసలో నొక్కితే ముప్ఫై ప్రాణాలు. అన్నయ్య తనవి అయిపోగానే నావి లాక్కునేవాడు. ఆ క్యాసెట్‌లో ఆటను దాచుకునే వీల్లేదు. ఓ మధ్యాహ్నం జలపాతం ఎక్కేశాం, కరెంటు పోయింది. నల్లబడ్డ టీవీ మీద మా ఇద్దరి మొహాలు.

“నీకు ఎన్ని మిగిలాయిరా?” అన్నాడు.

“పదకొండు,” అన్నాను. ఉన్నవి రెండే.

వాకిట్లోంచి పెద్దమ్మ కేకేసింది: “కరెంటు ఎట్టాగూ పోయిందిగా, రండ్రా, తాలేరుదురుగాని!”