సిరలో ఫిల్టర్ పెట్టే చేతులు

క్యాన్సర్ ఉన్నవాళ్లలో రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది. కాలి సిరలో పుట్టిన గడ్డ ఊడివచ్చి ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది. రక్తాన్ని పలచబరిచే మందులే దీనికి మొదటి విరుగుడు. కానీ కణితి నుంచి రక్తం కారుతున్నవాళ్లకు ఆ మందులివ్వాలంటే ముందు నుయ్యి, వెనక గొయ్యి. అలాంటప్పుడు ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు రంగంలోకి దిగి, గడ్డ ఊపిరితిత్తులకు చేరకుండా పట్టి ఆపే ఫిల్టర్‌ను పొట్టలోని పెద్ద సిరలో పెడతారు.

ఆ పనితనం చూసి తీరాలి. మెడ దగ్గరో గజ్జల్లోనో మత్తిచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సిరలోకి సూది దించుతారు. సూదిలోంచి సన్నని తీగ, తీగ మీదుగా గొట్టం. రంగుమందు ఎక్కించగానే ఆ పెద్ద సిరలో మూత్రపిండాల సిరలు కలిసే చోటు ఎక్స్‌రే తెర మీద తేలుతుంది. దానికి కాస్త దిగువన ఫిల్టర్‌ను వదలాలి. గొట్టాన్ని వెనక్కి లాగుతుంటే ముడుచుకున్న లోహపు కాళ్లు గొడుగులా విచ్చుకుని సిర గోడలను పట్టుకుంటాయి.

1973లో వచ్చిన గ్రీన్‌ఫీల్డ్ ఫిల్టర్ వెనక డాక్టర్ లాజర్ గ్రీన్‌ఫీల్డ్‌తో పాటు చమురు పరిశ్రమ ఇంజనీరు గార్మన్ కిమ్మెల్ బుర్ర కూడా ఉంది. దాని శంకువు ఆకారం వల్ల గడ్డ నడిమధ్యన చిక్కుతుంది, రక్తం అంచుల వెంట సాగిపోతుంది. లోతులో 70 శాతం నిండినా దారి సగం తెరిచే ఉంటుంది.

ఫిల్టర్ గడ్డను కరిగించదు. ఎక్కువకాలం ఉంచితే కాళ్లలో కొత్త గడ్డలకూ కారణం కావచ్చు. అందుకే తీయడానికి వీలైన రకాన్ని, అవసరం తీరగానే కొక్కేనికి ఉచ్చు వేసి మెడ సిరలోంచి బయటికి లాగేస్తారు. పెట్టిన రోజే తీసే తేదీ రాసిపెట్టుకునే బృందానికే నా పూర్తి మార్కులు.