తీగలోకి తొంగి చూస్తే

కేబుల్‌లో సిగ్నల్ పోయిందంటే, అనుమానం వచ్చిన ప్రతి జాయింటూ కోసి మళ్లీ వేయడం మనకు అలవాటు. టైమ్ డొమైన్ రిఫ్లెక్టోమీటర్ ఉంటే ఆ అవస్థ లేదు. ఒక కొస దగ్గర కూర్చునే, లోపం ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు. ఈ పనికి ఇప్పుడు చేతిలో ఇమిడే పరికరాలొచ్చాయి. నా మనసు మాత్రం అమెరికాలోని టెక్‌ట్రానిక్స్ వాళ్ల 7ఎస్12 మీదే ఉంది. 7000 సిరీస్ ఆసిలోస్కోప్‌లో రెండు అరలు ఆక్రమించే ప్లగిన్ ఇది.

దీనికి ఎస్-52 అనే పల్స్ హెడ్, ఎస్-6 అనే శాంప్లింగ్ హెడ్ తగిలిస్తారు. ఎస్-52 గుండెకాయ టన్నెల్ డయోడ్. 1957లో జపాన్‌లో లియో ఎసాకి కనిపెట్టిన ఈ డయోడ్ ఆయనకు 1973లో నోబెల్ తెచ్చిపెట్టింది. అది 25 పికోసెకన్లలో వోల్టేజీని ఒక్క మెట్టు ఎక్కిస్తుంది. ఆ మెట్టు ఎస్-6 గుండానే కేబుల్‌లోకి దిగుతుంది. దారిలో ఇంపిడెన్స్ మారిన ప్రతిచోటా అందులో కొంత వెనక్కొస్తుంది. పాలిథీన్ నింపిన కొయాక్సియల్ కేబుల్‌లో సిగ్నల్ నానోసెకనుకు దాదాపు 20 సెంటీమీటర్లు పోతుంది. వెళ్లిరావాలి కాబట్టి, తెరమీద ఒక నానోసెకను అంటే 10 సెంటీమీటర్ల కేబుల్.

అంత వేగాన్ని పాతకాలపు పిక్చర్ ట్యూబు ఎలా చూపగలదు? రోజూ ఒకే వేళకు ఒకే దారిన పోయే బస్సును రోజుకొక్క ఫొటో చొప్పున, నిన్నటికన్నా ఒక నిమిషం ఆలస్యంగా తీస్తూ పోతే, కొన్నాళ్లకు ప్రయాణమంతా చేతికొస్తుంది. శాంప్లింగ్ చేసేదీ అదే. పల్స్ మళ్లీ మళ్లీ వస్తుంటుంది, వచ్చిన ప్రతిసారీ ఒక్క చుక్క, ముందటిదానికన్నా రవ్వంత ఆలస్యంగా. 50 మెగాహెర్ట్జ్ దాటి చూడలేని టెక్‌ట్రానిక్స్ వాళ్ల 547 ఆసిలోస్కోప్, 1ఎస్1 ప్లగిన్ పెడితే గిగాహెర్ట్జ్ చూసేది ఇందుకే. అరవైల నాటి ఇంజినీర్ల ఈ ఉపాయం ముందు నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇక తెర చూడండి. 50 ఓమ్‌ల కేబుల్ ఉన్నంత మేరా గీత చదునుగా, కదలకుండా సాగుతుంది. దాని చివర టీవీకి వాడే 75 ఓమ్‌ల కేబుల్ కలిపితే, కలిసిన చోటే గీత మెట్టు ఎత్తులో అయిదో వంతు పైకి లేస్తుంది. కొస తెరిచి ఉంటే రెట్టింపవుతుంది, షార్టయితే సున్నాకు పడిపోతుంది. కేబుల్‌ను కటింగ్ ప్లేయర్‌తో కాస్త నొక్కండి: సరిగ్గా అక్కడే చిన్న గుంట. మంచిదనుకున్న కనెక్టరు దగ్గర బుడిపె కనిపిస్తే, అది నిజంగా మంచిది కాదు.

రిఫ్లెక్షన్ కోఎఫిషియెంట్ సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టే విద్యార్థికి ఈ గీతను ఒక్క గంట చూపిస్తే చాలు, ట్రాన్స్‌మిషన్ లైన్ల పాఠం జన్మలో మరిచిపోడు. ఇంతకన్నా మంచి గురువును నేను చూడలేదు.

మీ కాలేజీ స్టోరులో ఇలాంటి ప్లగిన్ మూలన పడి ఉంటే దయచేసి తుక్కు కింద అమ్మకండి. ఆ టన్నెల్ డయోడ్లు మళ్లీ దొరకడం కష్టం. వాడేముందు ఒక్క జాగ్రత్త: పొడవాటి కేబుల్‌లో నిలిచిన స్టాటిక్ చార్జి చాలు, శాంప్లింగ్ డయోడ్లను చంపేయడానికి. లోపలి తీగనూ పైనున్న అల్లికనూ ఒకసారి కలిపి, ఆ తర్వాతే తగిలించండి.