చాతకం మా ఊళ్ళోనే ఉంది

నేను చదివింది వాణిజ్యశాస్త్రం, చేసేది బ్యాంకు ఉద్యోగం. సాహిత్య విమర్శకు నీకేమి అర్హత అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయితే పదేళ్ళుగా సెలవురోజుల్లో కెమెరా భుజాన వేసుకొని తిరువళ్ళూరు దగ్గరి పూండి జలాశయం గట్టున, తిరుత్తణి కొండ చుట్టుపట్ల పొలాల్లో తిరుగుతున్నాను. రాత్రిపూట మన ప్రబంధాలు తిరగేస్తుంటాను. పగలు చూసిన పిట్టలకూ రాత్రి చదివిన పక్షులకూ లెక్క కుదరడం లేదు.

చకోరం సంగతే చూడండి. వెన్నెల తాగే ఈ పక్షి ప్రబంధాల్లో అడుగడుగునా తగులుతుంది. నిజానికది హిమాలయాల రాతికొండల్లో తిరిగే కౌజు జాతి పక్షి. మన వైపు లేనే లేదు. దీన్ని నేను తప్పుపట్టను. చూడనిదాన్ని ఊహించే హక్కు కవికి ఉంది. నా అభ్యంతరమల్లా కళ్ళముందున్నదాన్ని చూడకపోవడం గురించే.

చాతకం మా ఊళ్ళోనే ఉంది. నల్లని వీపు, తెల్లని పొట్ట, తలమీద కుచ్చు. ఉత్తరదేశంలో అది నైరుతి ఋతుపవనానికి కాస్త ముందుగా ఆఫ్రికా నుంచి వచ్చి చేరుతుంది. అందుకే అక్కడి కవులు దాన్ని వానతో ముడిపెట్టారు. ఆ కల్పన వెనక చూపు ఉంది. దక్షిణాదిలో అది ఏడాది పొడుగునా ఉండే పక్షి. పైగా మాకు పెద్దవాన ఆషాఢంలో కాదు, ఆశ్వయుజ కార్తీకాల్లో ఈశాన్య ఋతుపవనంతో వస్తుంది. వానచినుకు తప్ప మరొకటి ముట్టదన్న ఆ వ్రతధారి నా ఫోటోలో గొంగళిపురుగును నోట కరచుకొని కూర్చుంది! కోకిల కథా అంతే. కూసేది నల్లని మగపక్షి. ఆడది గోధుమవన్నె మీద తెల్లచుక్కలతో ఉంటుంది. అది తినేది పండ్లు, మావిచిగుళ్ళు కాదు. అయినా మన పద్యాల్లో చాలాచోట్ల చిగుళ్ళు మెక్కి కూసేది కోకిలమ్మే.

మరి చూసినవాళ్ళే లేరా అంటే, ఉన్నారు. వాళ్ళు పద్యాలు రాయలేదు, పేర్లు పెట్టారు. తెడ్డుమూతి కొంగ, నత్తగుల్ల కొంగ, గూడబాతు – ఒక్కొక్క పేరూ ఒక్కొక్క ఫోటో. ముక్కు తీరు, తిండి, అన్నీ ఆ పేర్లలోనే ఉన్నాయి. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డాన్ దొర 1862-64లో వెలువరించిన తన పక్షుల గ్రంథంలో దొరికినమేరకు తెలుగు పేర్లను కూడా ఎక్కించాడు. మన పండితులు చకోరాల దగ్గరే ఆగిపోగా, ఈ పని ఒక ఆంగ్లేయుడు చేయవలసివచ్చింది.

మన వచనకవులైనా మారారా? వాళ్ళకు ప్రతిదీ 'పిట్ట'. వాలిన పిట్ట, ఎగిరిన పిట్ట, రెక్క తెగిన పిట్ట. ఏ పిట్ట నాయనా అని అడగబుద్ధేస్తుంది. ముడుచుకొని కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉండి, రెక్క విప్పగానే నీలం చిమ్మే పాలపిట్టను ఒక్కసారి కరెంటు తీగమీద చూసినవాడు ఉత్త 'పిట్ట' అని రాసి ఊరుకోగలడా?

1960లో తిరుత్తణి మదరాసు రాష్ట్రంలో చేరింది. బడిలో తెలుగు తగ్గినా పొలంలో మాత్రం చాలాకాలం నిలిచింది. పోయిన మార్గశిరంలో పళ్ళిపట్టు దారిలో గొర్రెలు కాసే ఒక పెద్దాయనకు కెమెరాలో ఒక బొమ్మ చూపించాను. ఎర్రకళ్ళు, నల్లని ఒళ్ళు, ఇటుకరంగు రెక్కలు. పక్కనున్న మనవడు "శెంబోత్తు సార్" అన్నాడు. నా పుస్తకంలో ఇంగ్లీషు పేరుంది. పెద్దాయన మాత్రం నవ్వి, "జెముడుకాకి గదా నాయనా! జెముడు పొదల్లో దూరేది" అన్నాడు.

మనవడు ఆ మాట ఎప్పుడూ విననట్టు తాత ముఖంలోకి చూశాడు. నేను ఫోటో తేదీ పక్కన ఆ పేరు రాసుకుంటుంటే, "రాసేదానికేముంది, తెల్లారే రా, అదే కూస్తుంది" అన్నాడు పెద్దాయన.