బీల, పోరంబోకు, చిత్తడినేల: ఒక వివాదమున పదముల పాత్ర

రామతీర్థము విజయనగరము జిల్లాలో నెల్లిమర్లకు సమీపమున నున్న గ్రామము. గురుభక్తులకొండమీది బౌద్ధవిహార శిథిలములచే చరిత్రకారులకును, శివరాత్రి యాత్రచే జనసామాన్యమునకును అది సుపరిచితము. మేమిచట విచారింపదలచినది ఆ శిథిలములను గాదు, ఊరిపేరిలోని ఉత్తరపదమును. తీర్థమనగా సంస్కృతమున మొదట నదిని దాటుటకు వీలైన రేవు, పిమ్మట పుణ్యజలము. ఉత్తరాంధ్రమున నేడు తీర్థమునకు పోవుట యనగా జాతరకు పోవుట. ఇట్లు పెరుగుచు వచ్చిన పదము ఏ నీటిపై నిలిచినను ఆ నీటికొక గౌరవము కలుగును. కొండమీది కోదండరామాలయము చెంతనున్న కొలనువలన ఉపయోగమేమని యడుగువాడు లేడు. చంపావతిపై జలాశయమును తలపెట్టినపుడు ప్రభుత్వమువారును ఈ పదమునే చేరదీసి తారకరామ తీర్థసాగరమని పేరిడిరి. ఒక ముఖ్యమంత్రిని, ఒక క్షేత్రమును, ఒక సముద్రమును ఒక్క సమాసమున ఇముడ్చుట సామాన్యమైన నేర్పు కాదు.

ఇది పైకి పోయిన పదము. దిగజారిన పదమునకు ఉదాహరణము పోరంబోకు. తమిళమునుండి, మదరాసు రాజధాని రెవెన్యూ లెక్కల ద్వారా, మనకు వచ్చినది. శిస్తుకు వెలుపలనున్న భూమి యని మాత్రమే దాని యర్థము. ఊరుమ్మడి చెరువు, వాగు, శ్మశానము, పశువులు మేయు బయలు, అన్నియు పోరంబోకే. శిస్తు రానిది పనికిరానిదను భావము క్రమముగా బలిసి, తుదకు ఆ మాట పనిపాటలు లేక తిరుగువానికి తిట్టయినది. లెక్కల పరిభాష మనుష్యునకు తిట్టుగా మారిన పిమ్మట, ఆ మాటతోనే మరల భూమిని పిలిచినపుడు ఆ తిట్టు భూమికిని అంటుకొనును. సోంపేట వివాదమును మేమీ దృష్టితో చదువుచున్నాము.

సోంపేట రామతీర్థమునకు ఈశాన్యముగా, ఇదే తీరభూమిపై, శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసన నున్నది. 1936 వరకు గంజాము జిల్లాలోనిది. ఆ ప్రాంతమున సముద్రమునకు చేరువగా విస్తరించిన పల్లపు నీటిభూమిని స్థానికులు బీల యందురు. దాని నీటిచే వరి పండును, దానియందు చేపలు దొరకును, దాని యంచున పశువులు మేయును. ఇందలి రమారమి 970 ఎకరములను బొగ్గు విద్యుత్కేంద్రమునకై నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి ప్రభుత్వము కేటాయించినది. 2009 డిసెంబరులో కేంద్ర పర్యావరణశాఖ అనుమతి లభించినది. 2010 జూలై 14న పనులను అడ్డగించిన రైతులపై, జాలరులపై పోలీసులు కాల్పులు జరిపిరి, ప్రాణములు పోయినవి. ఆ దినముననే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ యనుమతిని రద్దుచేసినది. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలము కాకరాపల్లిలో మరియొక బొగ్గు కేంద్రము విషయమున మరల కాల్పులు, మరల మరణములు. అచటి భూమి పేరు తంపర.

కేంద్రమును కోరినవారి వాదమునకు ఆధారము ‘నిరుపయోగ భూమి’ యను మాట. వ్యాకరణదృష్టితో చూచినను ఈ మాటయందు లోపము కలదు. ఉపయోగమనినపుడు ఉపయోగించువాడొకడు ఉండవలెను. నిరుపయోగమనినపుడును ఎవరికి నిరుపయోగమో తెలియవలెను. ఆ మాట కర్తను దాచి, ఒక కచేరీ యభిప్రాయమును భూమి గుణముగా చూపుచున్నది. బీలకును బీడుకును ఒక్క యక్షరమే భేదము. వ్యుత్పత్తిలో ఆ రెంటికిని సంబంధమున్నదని మేము చెప్పుట లేదు; కాగితముపై ఆ దూరము ఎంత సులభముగా దాటబడినదో చూపుటకే యిది చెప్పితిమి.

ఎదిరించినవారి వాదమునకు మరియొక చిక్కు వచ్చినది. ఊరిలో బీల యన్నచో చాలును. ఢిల్లీలో దానిని చట్టపు భాషలోనికి మార్చి చిత్తడినేల యని నిరూపింపవలసి వచ్చినది. కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖలో కార్యదర్శిగా పనిచేసిన ఇ. ఎ. ఎస్. శర్మగారు మొదలగువారు చేసిన పని యొక విధముగా అనువాదమే. ఆ యనువాదము నెగ్గినది. అథారిటీ ఆ స్థలమును చిత్తడినేలగా గుర్తించినది. కాని అనువాదమున కొంత జారిపోయినది. చిత్తడి యన తెలుగువానికి తోచునది వానకాలపు వీథి, కాలికంటు బురద. ఆ మాటలో పంట లేదు, చేప లేదు. బీల, తంపర, అనకాపల్లి వైపున కొండకర్లలో వినవచ్చు ఆవ, ఇవన్నియు చిత్తడినేలకు పర్యాయపదములు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క తావును, అచటి జనుల వాడుకను కలుపుకొని నిలిచిన మాట. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు వ్యవసాయ సంపుటము నాగలి భాగములను ఊరూర తిరిగి సేకరించిన పద్ధతిని మాదిరిగా చూపినది. నీటిభూముల పేర్లకు అట్టి పని జరుగవలెను.

నిర్వచనముల విషయము ఇంకను విచిత్రముగా నున్నది. 1971 ఫిబ్రవరి 2న ఇరాను దేశమున రామ్‌సార్ పట్టణమున కుదిరిన ఒడంబడిక, సహజమైనను కృత్రిమమైనను, శాశ్వతమైనను తాత్కాలికమైనను, నిలుచు నీరైనను పారు నీరైనను, మంచినీరైనను ఉప్పునీరైనను చిత్తడినేలలో చేర్చినది. భారతదేశము 1982లో ఆ యొడంబడికలో చేరినది. కాని 2017 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నిబంధనలు నదీమార్గములను, వరిమళ్లను, త్రాగునీటికై త్రవ్విన చెరువులను, సేద్యమునకును, చేపల పెంపకమునకును, ఉప్పు పంటకును ప్రత్యేకముగా చేసిన కట్టడములను మినహాయించినవి. విజయనగర, శ్రీకాకుళ సీమలలో నీరన్న సగము చెరువే. నౌపడా యన ఉప్పుమళ్లే. నిర్వచనమునుండి వీనిని తీసివేసినపుడు మిగులు భాగమెంత? రామ్‌సార్ వాక్యము చేర్చుచు పోవు వాక్యము, మన నిబంధన తీసివేయుచు పోవు వాక్యము. రెంటి రాజకీయమును వాక్యనిర్మాణమే చెప్పుచున్నది. ఆ యేడే ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఉపగ్రహ పటములలో గుర్తింపబడిన 2,01,503 చిత్తడినేలలను కాపాడవలెనని యాదేశించిన సంగతి తలచినపుడు ఈ మినహాయింపుల బరువు తెలియును.

అయినను సోంపేటను మాత్రమే చూచి తీర్పు చెప్పిన పొరపాటగును. అచట జీవనోపాధియు నీటిభూమియు ఒకే పక్షమున నిలిచినవి. కొల్లేటియందు అట్లు కాదు. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రామ్‌సార్ పట్టికకెక్కినది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లను తెగగొట్టిరి. 2008లో శాసనసభ ఆ హద్దును +3కు కుదింపవలెనని తీర్మానించినది. ఈ కుదింపును కోరినవారిలో చేపలపై బ్రతుకు లంకగ్రామములవారును కలరు. కాంటూరను సర్వే మాట ఎన్నికల సభలకెక్కి తెలుగుమాటయే యైనది. కనుక జీవనోపాధి వాదమొక్కటియే నీటిభూములకు రక్ష యని సోంపేటను చూచి వ్రాసినవారు కొల్లేటికడ నిరుత్తరులగుదురు. అచట మరియొక వాదము కావలెను: ఈ భూములు నేటివారికే గాక ముందు తరములకును, తమ యొడ్డున లేనివారికిని ఏమి చేయుచున్నవను వాదము.

ఆ వాదమునకు తెలుగున మనమిచ్చిన మాట ‘వాతావరణ మార్పు’. ఇంతకన్న బలహీనమైన మాట దొరకుట కష్టము. వాతావరణమనగా భూమిని చుట్టియున్న వాయుపొర. పత్రికలలో అది నేటి ఎండవానలకును, ఏండ్ల తరబడి నిలుచు స్థితికిని, తుదకు సభలోని ఉద్రిక్తతకును చెల్లుచున్నది. బడి భూగోళ పుస్తకములు శీతోష్ణస్థితి యని వేరుమాటను నిలిపినవి. ముప్పదేండ్ల సగటు దానికి కొలత. ఆ మాటను బడిలోనే విడిచి వచ్చితిమి. అందుచే ప్రతివాదికి సమాధానము సులభమైనది: వాతావరణము మారని దెప్పుడు? వాన రాకడ, ప్రాణము పోకడ యెవరికెరుక? ఈ సామెత ఒక దినపు వానను గూర్చినది, ముప్పదేండ్ల వానలను గూర్చినది కాదు. కాని మాట ఒక్కటే యైనపుడు సామెతయు సాక్ష్యమే యగును. హిందీవారు జలవాయు వనిరి. నీటిని మాటలోనే నిలుపుకొనిరి.

రక్షణను కోరువారును ఈ యస్పష్టతను తమకు అనుకూలముగా వాడుకొనుట కలదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణముపై హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస తీరముపై తిత్లీ విరుచుకొనిపడినవి. తిత్లీ ఉద్దానపు కొబ్బరి తోటలను నేలకూల్చినది. ఈ రెంటిని చూపి ఇదే మార్పు అని తేల్చుట శాస్త్రము కాదు. ఒక్క తుపాను ఒక దినపు సంగతియే. వేడెక్కిన సముద్రము తుపానులకు అధిక జలమును, బలమును ఇచ్చుననుట వేరు. తీరపు పల్లములు వరదనీటిని నిలుపుననుట వేరు. బీలమట్టిలో శతాబ్దులుగా చేరిన కర్బనము, నీరు తీసివేసినచో గాలిలో కలియుననుట వేరు. అట్టి భూమిని పూడ్చి, దానిపై బొగ్గును కాల్చుట ఒక నష్టమును రెండు చేయుట. 2010 నాటి సోంపేట చర్చలో ఉపాధి వాదము నిండుగా వినబడినది, ఈ కర్బన వాదము అంతగా వినబడలేదు. వినబడియున్నచో ఏ తెలుగుమాటలలో వినబడియుండెడిదో ఊహించుటయు కష్టము.

2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ననుసరించి, ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ప్రతి ప్రతిపాదన సారాంశమును స్థానికభాషలో ఈయవలెను. అనగా ఇట్టి కేంద్రమునకో, రేవునకో ఊరివారి యభిప్రాయము కోరునపుడెల్ల ఒక తెలుగు రచన పుట్టుచున్నది. మూలపేట రేవునకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగినది. అదియు తంపర గల సంతబొమ్మాళి మండలమే. ఈ సారాంశములు సాహిత్యము కాకపోవచ్చును, కాని మనుష్యుల ప్రాణములు పోయిన వివాదములకు మొదటి పుటలు ఇవియే. వానిని పరిశోధనాంశముగా స్వీకరించు విద్యార్థి మొదట చూడవలసినది భూమివర్ణన గల పేరా: అందు బీల యను మాట ఉన్నదా, ఉన్నచో దానిని ఏ మాటతో వివరించిరి, లేనిచో దాని స్థానమున ఏ మాట కూర్చున్నది.