బస్సు ఇంకా రాలేదు

"ఏందబ్బాయా, బస్సు పోయిందా?"

తెల్లారగట్ల నాగులేరు ఒడ్డున నేను ఉరకడం మొదటిసారి చూసి, గేదెలు తోలుకెళ్తున్న పెద్దాయన అడిగిన మాట. కారంపూడిలో మనిషి ఉరికాడంటే దేన్నో అందుకోవాలి, లేదా దేన్నుంచో తప్పించుకోవాలి. ఊరికే యాభై కిలోమీటర్లు ఉరుకుతానంటే ఎవరు నమ్ముతారు?

మారథాన్ 42.195 కిలోమీటర్లు. అది దాటితే అల్ట్రా. సముద్రం వెంట అల్ట్రా ఎలా ఉంటుందో కాళ్లకు రుచి చూపిద్దామని దీపావళి మర్నాడు పొద్దున్నే సూర్యలంక వెళ్లాను. తడి ఇసుక తారురోడ్డంత గట్టిగా ఉంది. మురిసిపోయి, గడియారం చూసుకుంటూ పరిగెత్తాను. వెనక్కి తిరిగేసరికి పోటు మీదికొస్తోంది. అమావాస్య పోటు! గట్టి ఇసుక సన్నబడి సన్నబడి మాయమైంది. మిగిలింది పైనున్న పొడి ఇసుక. అడుగేస్తే మడమ దిగబడుతుంది, పిక్క లాగుతుంది. ఒడ్డు వాలు కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే. ఇక సిగ్గుపడుతూ నడిచాను.

నిజానికి సిగ్గుపడాల్సిన పనే లేదు. అల్ట్రాల్లో మిట్ట ఎదురైతే ఆరితేరినవాళ్లూ నడుస్తారు. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ మధ్య సాగే కామ్రేడ్స్ పరుగు సుమారు 90 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సైనికుల జ్ఞాపకంగా విక్ క్లాఫమ్ 1921లో దాన్ని మొదలుపెట్టాడు. ఆ ఏడు 34 మంది బయల్దేరితే 16 మందే గమ్యం చేరారు. పోయినవాళ్లను కాళ్లతో తలుచుకోవడమన్నమాట.

అది మన ఊరికి కొత్తా? కార్తీక అమావాస్యకు పల్నాటి యుద్ధంలో పోయిన వీరుల ఆయుధాలు, అంటే కొణతాలు, మోసుకుంటూ ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు ఇక్కడికే వస్తారు. రాచగావు అనే మొదటి రోజు నుంచి కల్లిపాడు అనే చివరి రోజు దాకా ఐదు రోజుల తిరునాళ్ల. సూర్యలంక నుంచి వచ్చి నెల తిరిగాక, కొణతం భుజానేసుకుని చెప్పుల్లేకుండా వస్తున్న ఒకాయన దారిలో కలిశాడు. పరుగు ఆపి పక్కనే నడిచాను. మిట్టయినా పల్లమైనా, మాట్లాడినా ఊరుకున్నా ఆయన అడుగు ఒకటే. రొప్పుతున్నది నేనే. నన్ను చూసి నవ్వాడు.

"తొందరేందయ్యా, యుద్ధం అయిపోయి ఎనిమిది వందల ఏళ్లాయె!"

ఆ మాటతో నా గడియారం ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు నాగులేరు ఒడ్డున గేదెల పెద్దాయన కనిపిస్తే నేనే ముందు చెబుతాను: "బస్సు ఇంకా రాలేదు పెద్దాయనా!"