దారి బోర్డు మీద ఎవరి మాట?

పాపికొండల జాతీయ పార్కుకు ఆ హోదా 2008లో వచ్చింది. గోదావరికి రెండు వైపులా వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి అది. అక్కడి కొండరెడ్ల, కోయల ఊళ్లు పార్కు కంటే ఎంతో పాతవి. సెలవుల్లో వచ్చేవాళ్లు మనల్ని అడిగేది ఒకటే: ట్రెక్కింగ్ దారి ఎటు, సమాచార కేంద్రం ఎక్కడ? చెయ్యి చూపించి పంపేస్తున్నాం. కానీ దారి చూపే బోర్డు కూడా ఒక రచనే. కథను చదివినట్టే దాన్నీ నిలదీసి చదవాలి.

మేం చూసిన బోర్డుల మీద పులి ఉంటుంది, అడవిదున్న ఉంటుంది, ప్లాస్టిక్ వేయరాదని ఉంటుంది. మనిషి ఉంటే తలకు కొమ్ములు కట్టుకుని ఆడుతూ ఉంటాడు. అడ్డాకులకు పోయే దారి, జీలుగు చెట్ల దగ్గరికి పోయే దారి, సంతకు దిగే దారి తొక్కి తొక్కి చేసినవాళ్ల ఊసు ఉండదు. అదే దారిలో టిక్కెట్టు కొన్నవాళ్లు నడిస్తే ట్రెయిల్, మేకలు తోలుకుని మనవాళ్లు నడిస్తే నేరం. 2006 అటవీ హక్కుల చట్టం జాతీయ పార్కులకూ వర్తిస్తుంది. ఆ ఒక్క వాక్యం ఏ కేంద్రం గోడ మీదా మాకు కనబడలేదు.

బోర్డులు వేరేలా ఉండగలవా? ఆస్ట్రేలియాలో ఉలురు గురించి చదివితే ఉండగలవనే అనిపిస్తుంది. ఆ ఎర్ర కొండ అనంగు ప్రజలది. 1985 అక్టోబరు 26న హక్కు పత్రం వాళ్ల చేతికి వచ్చింది. (అదే రోజు పార్కు కోసం 99 ఏళ్లకు లీజు రాయించుకున్నారు. ఇది మరిచి పొగడకూడదు.) పాలక మండలిలో ఎక్కువమంది అనంగులే. ముందు 1995లో తెరిచిన సాంస్కృతిక కేంద్రం చూసి, తర్వాత కొండ దగ్గరికి రమ్మంటారు. కొండ చుట్టూ నడక పది కిలోమీటర్ల పైచిలుకు. మాలా నడక, కునియా నడక అని చిన్న దారుల పేర్లు వాళ్ల పూర్వీకుల కథల్లోవి.

కొన్ని చోట్ల ఫోటో తీయవద్దని బోర్డులున్నాయి. ఆ చోటి కథ అందరికీ చెప్పేది కాదు కాబట్టి. మనకు పనికొచ్చేది ఈ సంగతే. మన కథలన్నీ బోర్డుకెక్కించాలని మన యువకులు కొందరు అంటున్నారు. మేం ఒప్పుకోం. వేల్పుల చోటుకు పోయే దారి మ్యాపులో ఉండనక్కర్లేదు. ఏది చూపాలో, ఏది దాచాలో తేల్చేది ఊరే, బోర్డు రాయించేవాళ్లు కాదు.

అయితే ఉత్త బోర్డుకు బలం లేదు. కొండ ఎక్కవద్దని అనంగులు బోర్డు పెట్టి ఏళ్ల తరబడి అడిగారు. ఎక్కేవాళ్లు పట్టుకోవడానికి గొలుసు మాత్రం కొండకు అలాగే ఉండేది. బోర్డు మాట ఒకటి, గొలుసు మాట ఒకటి. జనం గొలుసు మాటే విన్నారు. 2017లో పాలక మండలి తీర్మానం చేశాక, 2019 అక్టోబరు 26న గానీ ఎక్కడం ఆగలేదు.

మన బడుల్లో పిల్లలు భారతదేశ పటం గీస్తారు, నదులు గుర్తిస్తారు. ఊరి దారుల పటం గీయమని మనం అడగం. పెద్దలను వెంటబెట్టుకుని, ఏ దారి దేనికో, ఏ పేరుతో పిలుస్తారో రాయించండి. పటంలో ఏది ఉంచాలో గ్రామసభ చెబుతుంది. సామూహిక హక్కుల దరఖాస్తు పెట్టేటప్పుడు కూడా ఆ కాగితం పనికొస్తుంది.