మంచు సరే, మనసు మాటేమిటి?

రష్యాలో చదువుకున్న మన పిల్లలు రాసే అనుభవాల వ్యాసాలు ఎక్కడ కనిపించినా నేను వదలను. సోవియట్ రోజుల్లో ఇంజనీరింగుకి వెళ్ళినవాళ్ళవి పాత సంచికల్లో చదివాను. ఇప్పుడు డాక్టరీకి వెళ్తున్నవాళ్ళవీ చదువుతున్నాను. మనుషులు మారారు, 1991లో సోవియట్ యూనియన్ అన్న దేశమే లేకుండా పోయింది, వ్యాసం మాత్రం మారలేదు! విమానం దిగగానే ఎముకలు కొరికే చలి, పాలరాతి మెట్రో స్టేషన్లు, ఎర్ర మైదానం, అద్దాల పెట్టెలో లెనిన్, ఆవకాయ మీద బెంగ. చివర్న "మొత్తానికి అలవాటు పడ్డాను" అని ఒక్క ముక్క. అక్కడితో సమాప్తం.

ఎలా అలవాటు పడ్డావమ్మా? ఏం వదులుకున్నావు, ఏం నేర్చుకున్నావు? అసలు కథంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది. సరిగ్గా దాన్నే దాటేస్తారు.

ఒక ఉదాహరణ చెప్తాను. "రష్యన్లు నవ్వరు, ముభావులు" అని దాదాపు అందరూ రాస్తారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళని చూసి నవ్వడం అక్కడి అలవాటు కాదన్నది నిజమే. కానీ అదే వీధిలో, టోపీ పెట్టుకోకుండా చలిలో తిరిగే పిల్లని ఎవరో ముసలమ్మ ఆపి మరీ చీవాట్లు పెడుతుంది. ఏ బంధుత్వమూ లేదు, అచ్చం మన వీధి చివరి పిన్నిగారే! ఈ రెండూ పక్కపక్కన పెడితే కదా ఆ దేశం మనకి అర్థమయేది? మనవాళ్ళు మొదటిది రాసి, రెండోదాన్ని "తమాషా" అని వదిలేస్తారు.

భాష సంగతీ అంతే. "రష్యన్ మహా కష్టం" అంటారు. మనకిలాగే వాళ్ళకీ "నువ్వు" వేరు, "మీరు" వేరన్న మాట మాత్రం చెప్పరు. పంతులమ్మని పేరు, తండ్రిపేరు కలిపి పిలవాలి. అన్నా ఇవానొవ్నా అంటే ఇవాన్ గారమ్మాయి అన్నా. స్నేహం ముదిరి "మీరు" కాస్తా "నువ్వు" అయిన రోజు అక్కడా ఒక విశేషమే. ఆ రోజుని తెలుగు పిల్ల కంటే బాగా ఎవరు రాయగలరు చెప్పండి?

అక్కడ పరీక్షలు చాలామటుకు నోటితోనే. బల్లమీద పరిచిన చీటీల్లో ఒకటి తీసి, అందులోని ప్రశ్నలకి మేష్టారి ఎదురుగా జవాబు చెప్పాలి. మార్కులు అయిదుకి, రెండొస్తే తప్పినట్టే. లోపలికి వెళ్ళేముందు స్నేహితులు "నూగూ దక్కదు, ఈకా దక్కదు" అని దీవిస్తారు. దానికి "థాంక్స్" అనకూడదు, "దయ్యం దగ్గరికి పో" అనాలి! దిష్టి తగలకుండా వేటగాళ్ళు పెట్టుకున్న మాటట. ప్రయాణం ముందు ఇంటిల్లిపాదీ ఒక్క నిమిషం కూర్చుని లేస్తారు. తుమ్మితే కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరే ఇంట్లో పుట్టి, దీన్ని "వింత ఆచారం" అని రాస్తే ఏమనాలి?

ఇంతకంటే బాగా రాయొచ్చా అంటే, రాసినవాడున్నాడు. అయిదు వందల ఏళ్ళ క్రితం త్వెర్ పట్టణం నుంచి మన దక్కనుకి వచ్చిన వర్తకుడు అఫనాసీ నికీతిన్. బహమనీల బీదర్‌లో ఉన్నాడు. "మూడు సముద్రాల ఆవలికి ప్రయాణం" అన్న అతని పుస్తకంలో ఏనుగులూ ఊరేగింపులూ ఉన్నాయి. వాటితోపాటు, ఇక్కడ సరుకు బోలెడుందని చెప్పి తనని మోసం చేశారన్న ఏడుపూ ఉంది. దారిలో పుస్తకాలు దొంగలపాలై, తన పండగ ఏ రోజో లెక్క తప్పిపోయిన దిగులూ ఉంది. చివరికి వచ్చేసరికి అతని రష్యన్‌లో తురకీ, పారశీక, అరబ్బీ మాటలు కలిసిపోయాయి. ప్రార్థన కూడా ఆ కలగాపులగంలోనే! పరాయి దేశం మనిషిని ఎంత మార్చిందో ఆ వాక్యాలే చెప్తాయి. అతను ఇల్లు చేరకుండానే దారిలో పోయాడు, పుస్తకం మాత్రం చేరింది.

ఓ చిన్న వ్యాసానికి ఇంత రాద్ధాంతమా అనకండి. ఆ వ్యాసాలు చదివే మనం పిల్లల్ని పంపాలా వద్దా అని నిర్ణయించుకుంటున్నాం. ఆరేళ్ళ చదువు. పాఠాలు ఇంగ్లీషులోనే అని చెప్పి చేర్పిస్తారు, కానీ ఆస్పత్రి మంచంమీది ముసలమ్మ ఇంగ్లీషులో మూలగదు కదా! తిరిగొచ్చాక ఇక్కడ మరో పరీక్ష నెగ్గితేగాని వైద్యం చెయ్యడానికి వీల్లేదు. 2022లో యుద్ధం మొదలయ్యాక తల్లుల గుండెల్లో ఇంకో బరువు. ఇవేవీ లేకుండా మంచులో దిగిన ఫోటో, "ఇక్కడ అంతా బాగుంది" అన్న వాక్యం చూసి ఏ తల్లి ఏం తెలుసుకుంటుంది?

తప్పంతా పిల్లలదీ కాదు లెండి. ఫోన్ చేస్తే మనం అడిగేది "తిన్నావా, స్వెట్టర్ వేసుకున్నావా" అనే. అడిగినదానికే కదా వాళ్ళూ జవాబు చెప్తారు! ఈసారి ఫోన్ వచ్చినప్పుడు, "నిన్ను 'నువ్వు' అని పిలిచేవాళ్ళు అక్కడ ఎవరైనా ఉన్నారా తల్లీ?" అని అడిగి చూడండి. అరగంట మాట్లాడకపోతే అప్పుడనండి.